గుండెకు రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? మేక గుండెతో మా తరగతి అనుభవం

మటన్ కొట్టుకు వెళ్లి గుండెకాయ కావాలంటే చాలదు. కొట్టు యజమానికి అది కూరలో పడే ముక్క. లోపలి రక్తం కడగడానికి నిలువునా చీలుస్తారు, పైన ఉన్న గొట్టాలనూ కొవ్వునూ కోసి పక్కన పడేస్తారు. నాకు కావలసింది సరిగ్గా ఆ పడేసే భాగం. అందుకని ముందురోజు సాయంత్రమే వెళ్లి, “దాని మీద కత్తి పెట్టకండి. ఊపిరితిత్తులతో కలిపి ఉన్నది ఉన్నట్టుగా తీసి ఉంచండి. చుట్టూ ఉండే సంచి కూడా అలాగే ఉండాలి” అని చెప్పాను. “బడి పిల్లలకా టీచరమ్మా? అయితే పెద్ద పోతుది చూసి ఉంచుతాను. పొద్దున్నే రండి, ఆలస్యమైతే కండ బిగుసుకుపోతుంది” అన్నారాయన. ప్రాణం పోయిన కొన్ని గంటల్లో గుండె కండ గట్టిపడుతుందని పుస్తకం చూడకుండానే తెలిసిన మనిషి. ఆ మాట ఎంత నిజమో ఆ రోజు మధ్యాహ్నానికి నాకు బాగా అర్థమైంది.

నేను ఖమ్మం జిల్లాలో, మధిర వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతి ప్రసరణ పాఠంలో మేక గుండెనో గొర్రె గుండెనో కోసి చూసే కృత్యం ఉంది. నాలుగు గదులు, కవాటాలు, గోడల మందంలో తేడా, ఏ గొట్టం ఎక్కడికి పోతుంది, ఇవి చూస్తే పరీక్షకు సరిపోతుంది. గుండె కండకు రక్తం ఇచ్చే కరోనరీ ధమనుల ప్రస్తావన మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. ఈసారి ఆ ఒకటి రెండు వాక్యాల చుట్టూనే కృత్యమంతా నడపాలని నిర్ణయించుకున్నాను. దానికి కారణం మా అన్నయ్య.

అన్నయ్య వ్యవసాయం చేస్తాడు. చెరువు కట్ట ఎక్కుతుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉంటోందని, ఆగి నిలబడితే తగ్గుతోందని చెప్పాడు. ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు, ఆ తర్వాత గుండె ధమనుల్ని ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్, ఆ వెంటనే ఇరుకైన ధమనిని తెరిచి ఉంచే సన్నని జాలి గొట్టం, అంటే స్టెంట్. ఇంటికి వచ్చాక రిపోర్టు నా చేతికి ఇచ్చాడు. ‘ఎల్‌ఏడీ మధ్యభాగంలో 90 శాతం’, ‘ఎల్‌సీఎక్స్‌లో లోపం లేదు’, ‘ఆర్‌సీఏ డామినెంట్’ అని ఉంది. ఆర్‌సీఏ అంటే కుడి కరోనరీ ధమని, మిగతా రెండూ ఎడమ కరోనరీ ధమని కొమ్మలు. నేను ఒక్కొక్కటి విడమరిచి చెబుతుంటే మధ్యలో ఆపి, “చెల్లీ, గుండె నిండా రక్తమే కదా. రాత్రీ పగలూ దాని లోపలి నుంచే పోతుంది కదా. మరి దానికే రక్తం అందకపోవడం ఏమిటి?” అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దానికి మాటలతో జవాబు చెప్పవచ్చు, అప్పుడు చెప్పాను కూడా. కానీ అది చేతితో పట్టుకుని చూడవలసిన విషయమని నాకు గట్టిగా అనిపించింది.

ప్రయోగశాలలో వెలుతురు చాలదని బల్లను వరండాలోకి మార్చాం. వెడల్పాటి స్టీలు పళ్లెం, రెండు కత్తెరలు, పటకారు, కొత్త బ్లేడ్లు, చేతి తొడుగులు, శీతల పానీయాల గొట్టాలు, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు, ఎర్ర సిరా పక్కన పెట్టుకున్నాం. వీటితోపాటు మందుల దుకాణంలో రెండు సిరంజీలు, పసిపిల్లలకు పాలు పట్టడానికి వాడే సన్నని ఫీడింగ్ ట్యూబు కొన్నాను. ఇలాంటి ప్రయోగం చేయాలనుకునే ఉపాధ్యాయులు ఇంకేది మరిచినా ఆ ట్యూబు మాత్రం మరవకూడదు. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలకు, చూడటం ఇష్టం లేనివారికి ముందే చెప్పాను, వారు లోపల కూర్చుని బొమ్మ గీసుకోవచ్చని. మొదట లోపలే కూర్చున్నవారు కూడా కాసేపటికి ఒక్కొక్కరే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ పంపలేదు.

మొదట హృదయావరణం. పల్చగా కనిపించే ఈ సంచి చేతితో లాగితే చిరగదు, అంత గట్టిది. కత్తెరతో చిన్న గాటు పెట్టగానే కొంచెం నీరు జారింది. గుండె కదిలినప్పుడల్లా ఒరుసుకోకుండా కాపాడే ద్రవం అదే. మనిషిలో మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. సంచి సాగదు కనుక గాయమై అందులోకి ఒక్కసారిగా రక్తం చేరితే గుండె వ్యాకోచించడానికి చోటు లేక ఆగిపోయే ప్రమాదం ఉంది. సంచి ఒలిచేశాక గుండె తడిగా, నున్నగా మెరిసింది. దాని మీద తెల్లటి కొవ్వు కనబడగానే “టీచర్, దీనికి జబ్బుందా?” అని ఒక అమ్మాయి అడిగింది. లేదమ్మా, ఆరోగ్యంగా ఉన్న గుండె మీద కూడా కొవ్వు ఉంటుంది, అది ఎక్కడెక్కడ ఉందో చూడు అన్నాను. పై గదులైన కర్ణికలకూ కింది గదులైన జఠరికలకూ మధ్య చుట్టూ తిరిగే గాడిలో ఒక పట్టీ, రెండు జఠరికల మధ్య ముందు ఏటవాలుగా దిగే గాడిలో ఒక పట్టీ, వెనక ఇంకొకటి. కరోనరీ నాళాలు నడిచే దారులు సరిగ్గా అవే. కొవ్వు వాటిని కప్పి ఉంచుతుంది.

గుండెను చేతిలోకి తీసుకున్నాక ఏది కుడి, ఏది ఎడమ అని తెలుసుకోవడానికి కంటికంటే వేళ్లు మేలు. ఒత్తి చూస్తే ఒక వైపు మెత్తగా లోపలికి పోతుంది, అది కుడి జఠరిక. రెండో వైపు గట్టిగా ఎదురు నిలుస్తుంది, అది ఎడమ. కింది మొన పూర్తిగా ఎడమ జఠరికదే. పిల్లలందరి చేతా ఒత్తించాను. ఇది బొమ్మలో రాదు. బొమ్మలో రెండు గదులకూ నీలం, ఎరుపు రంగులు వేసి పక్కపక్కనే పెడతారు. అసలు గుండెలో కుడి జఠరిక ముందు వైపు ఉంటుంది, ఎడమది దాని వెనక నుంచి ఎడమకు వస్తుంది.

గొట్టాలు దూర్చే పని త్వరగానే అయింది. మహాసిరలో దూర్చిన గొట్టం కుడి కర్ణికలోకి దిగింది. పుపుస ధమనిలోది కుడి జఠరికలోకి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల్లోది ఎడమ కర్ణికలోకి చేరింది. పాఠంలో ఉన్నదే.

అసలు పని బృహద్ధమని దగ్గర, అంటే ఎడమ జఠరిక నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం దగ్గర మొదలైంది. లోపల గడ్డకట్టిన రక్తమంతా పోయేదాకా ఉప్పునీళ్లతో కడిగి, గుండెను నిటారుగా పట్టుకుని బృహద్ధమనిలోకి పై నుంచి నీళ్లు పోయమన్నాను. నీళ్లు గుండెలోకి జారిపోతాయని పిల్లలు అనుకున్నారు. జారలేదు. మూడు పల్చటి రెక్కలు ఒకదానికొకటి ఆనుకుని మూసుకున్నాయి, నీళ్లు పైన నిలబడ్డాయి. సుమారు 500 ఏళ్ల కిందట లియొనార్డో డావిన్సీ ఎద్దు గుండెలను కోసి ఇదే చోటు దగ్గర ఆగిపోయాడు. బృహద్ధమని మొదలుకు గాజు నమూనా చేయించి, నీళ్లలో గడ్డి గింజలు వేసి పారించి, రెక్కల వెనక సుడులు తిరగడం గమనించాడు. ఆ సుడులే రెక్కలు మూసుకోవడానికి తోడ్పడతాయని రాసుకున్నాడు. మా పళ్లెంలో సుడులు కనబడలేదు కానీ మరొకటి కనబడింది. నిలిచిన నీటి మట్టం మెల్లగా తగ్గుతోంది. ఒక అబ్బాయి దాన్ని పట్టుకున్నాడు. “కవాటం కారుతోంది టీచర్” అన్నాడు. ఎడమ జఠరిక మొన దగ్గర చిన్న గాటు పెట్టి చూశాం, లోపలికి కొత్తగా చుక్క నీరు దిగడం లేదు. మరి నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

బృహద్ధమనిని కవాటం దగ్గరదాకా పొట్టిగా కత్తిరించి, గోడను కాస్త తెరిచి పట్టుకున్నాను. ప్రతి రెక్క వెనకా ఒక చిన్న ఉబ్బు, మొత్తం మూడు. వాటిలో రెండింటి గోడకు ఒక్కొక్క రంధ్రం ఉంది. మూడో దానికి ఏమీ లేదు. ఆ రెండు రంధ్రాలే కుడి, ఎడమ కరోనరీ ధమనుల మొదళ్లు. గుండె నుంచి బయటపడిన మంచి రక్తం ఇంకే అవయవానికీ చేరకముందు, బృహద్ధమనిలోంచి వచ్చే మొట్టమొదటి కొమ్మలు ఇవే. మేకలో ఎడమ రంధ్రం కుడిదానికంటే స్పష్టంగా పెద్దది. పిల్లలు వరసగా వచ్చి వంగి చూశారు. ఇంత చిన్నవా అన్నదే అందరి మాట. మనిషిలో కూడా ఈ ధమనుల లోపలి వెడల్పు మొదట్లో మూడు నాలుగు మిల్లీమీటర్లే.

ఫీడింగ్ ట్యూబు కొనను ఎడమ రంధ్రంలోకి పోనిచ్చాను. అన్నయ్యకు డాక్టర్లు చేసింది కూడా ఇదే. మణికట్టు దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని చేయి పొడవునా పైకి తోసి, బృహద్ధమని వంపు దాటించి, ఈ రంధ్రం ముందుకు తెచ్చి ఆపుతారు. అందులోంచి ఎక్స్‌రేలో కనబడే ద్రవాన్ని వదులుతారు. ఈ రంధ్రంలోకి నేరుగా మందు వదిలితే గుండె ఆగిపోతుందని వైద్యులు ఒకప్పుడు భయపడేవారు. 1958 అక్టోబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ మరో పరీక్ష చేస్తుండగా గొట్టం జారి కుడి కరోనరీ ధమనిలోకి వెళ్లింది, మందు మొత్తం అందులోకే పోయింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగింది, దగ్గమని చెబితే దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. కరోనరీ ధమనుల్ని విడిగా చూసే పరీక్షకు దారి అక్కడ పడింది. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ బుడగతో మొదటిసారి ధమనిని వెడల్పు చేసినప్పుడు, ఆ ఇరుకు కూడా మా అన్నయ్యకు వచ్చిన కొమ్మలోనే ఉంది. ఈ సంగతులు చెబుతున్నంతసేపూ పిల్లల చూపు నా చేతిలోని ట్యూబు మీదే ఉంది.

ట్యూబు చుట్టూ రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి, సిరా కలిపిన నీటిని సిరంజీతో మెల్లగా తోశాను. మొదట ఏమీ కాలేదు. లోపల మిగిలిన రక్తపు గడ్డ అడ్డుపడింది కాబోలు, వెనక్కి లాగి మళ్లీ తోశాను. అప్పుడు కొవ్వు కింద ఎరుపు కదిలింది. పుపుస ధమని వెనక నుంచి తొంగి చూసి, ముందు గాడిలోకి దిగి, మొన వైపు సాగింది. దారిలో ఎడమకు కొమ్మలు, కొమ్మలకు మళ్లీ కొమ్మలు. అంతవరకు ఏమీ లేదనుకున్న చోట సన్నని ఎర్రగీతలు లేచాయి. వరండాలో ఒక్కసారిగా అందరూ అరిచారు. పక్క తరగతి లెక్కల సారు ఏమైందోనని బయటికి వచ్చి, చూసి, తన పిల్లల్ని కూడా పంపారు.

కొవ్వును పటకారుతో కొద్దికొద్దిగా తీస్తే ధమని బయటపడుతుంది. దీనికి ఓపిక కావాలి, బ్లేడు వాడకూడదు. కొవ్వును తోసి పక్కకు జరపాలే తప్ప కోయకూడదు. ఆ పని బాగా కుట్లు కుట్టే ఒక అమ్మాయికి అప్పగించాను, నాకంటే నేర్పుగా చేసింది. ఎడమ ధమని మొదట కొద్ది దూరమే ఒక్కటిగా నడిచి రెండుగా చీలింది. ముందు గాడిలో దిగేది రిపోర్టులోని ఎల్‌ఏడీ. కర్ణికకూ జఠరికకూ మధ్య గాడిలో చుట్టూ తిరిగి వెనక్కి పోయేది ఎల్‌సీఎక్స్. మనిషిలో ముందు కొమ్మ ఎడమ జఠరిక ముందు గోడకూ, మొనకూ, రెండు జఠరికల మధ్య గోడలో మూడింట రెండు వంతులకూ రక్తం ఇస్తుంది. అందుకే ఆ కొమ్మ మూసుకుపోయిందంటే వైద్యులు అంత కంగారు పడతారు. అన్నయ్య ఇరుకు ఉన్న చోటును ఈ గుండె మీద పెన్సిలుతో చూపించాను, గాడిలో దాదాపు సగం దూరంలో.

అప్పుడే నేను ఇంకో పని చేశాను. ఇద్దరు పిల్లల్ని జఠరికల చుట్టూ అరచేతులు వేసి గట్టిగా నొక్కి పట్టమన్నాను. సిరంజీని మూడో అబ్బాయి చేతికిచ్చి తోయమన్నాను. “పోవడం లేదు టీచర్” అన్నాడు. వదలండి అన్నాను. చేతులు తీయగానే సిరా లోపలికి జారింది. మళ్లీ నొక్కారు, ఆగింది. వదిలారు, పోయింది. ఒకరి తర్వాత ఒకరు అదే చేసి చూశారు. మిగతా ఒంటికంతా రక్తం అందేది గుండె ముడుచుకున్నప్పుడు. ఎడమ జఠరిక కండకు మాత్రం ఎక్కువ భాగం అందేది అది సడలినప్పుడు. ముడుచుకున్న కండ తనలోని నాళాలను తానే నొక్కేసుకుంటుంది. గుండె వేగం పెరిగేకొద్దీ సడలి ఉండే వ్యవధి బాగా తగ్గిపోతుంది, అంటే పని పెరిగిన వేళకే తనకు రక్తం తీసుకునే సమయం తరిగిపోతుంది. ధమని వెడల్పుగా ఉన్నంతకాలం ఇది సమస్య కాదు. ఇరుకైతే చెరువు కట్ట ఎక్కేటప్పుడు నొప్పి, నిలబడితే ఉపశమనం. అన్నయ్య నెలల తరబడి అనుభవించింది పిల్లల చేతుల కింద కనబడింది.

ఇక్కడ కొన్ని అంకెలు చెప్పక తప్పదు. విశ్రాంతిలో ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అందులో దాదాపు 250 మిల్లీలీటర్లు, అంటే 5 శాతం వరకు కరోనరీ ధమనుల్లోకే పోతుంది. గుండె బరువు చూస్తే 300 గ్రాములు, ఒంటి బరువులో అర శాతం కూడా కాదు. ఇంకా ముఖ్యమైన సంగతి, తనకు వచ్చే రక్తంలోని ఆక్సిజన్‌లో 70 శాతం పైగా విశ్రాంతి సమయంలోనే పీల్చేసుకుంటుంది. ఒంట్లో మిగతా కండరాలు విశ్రాంతిలో కొంతే తీసుకుని చాలా భాగం వదిలేస్తాయి, పని పెరిగితే అదే రక్తం నుంచి ఎక్కువ తీసుకోగలవు. గుండెకు అలాంటి నిల్వ లేదు. ఎక్కువ ఆక్సిజన్ కావాలంటే ఎక్కువ రక్తం రావాలి, వేరే మార్గం లేదు. శ్రమ చేసేటప్పుడు ఆరోగ్యవంతుడి కరోనరీ ధమనుల్లో ప్రవాహం నాలుగైదు రెట్లు పెరుగుతుంది.

ఎల్‌సీఎక్స్ వెంట వెనక్కి వెళ్లాం. అక్కడ నేను ఎదురుచూస్తున్నది దొరికింది. మేకలో ఆ కొమ్మ చుట్టూ తిరిగి వచ్చి వెనక గాడిలోకి తానే దిగుతుంది. కుడి ధమని అంతదూరం రాకుండానే ఆగిపోతుంది. మనుషుల్లో ఎక్కువ మందికి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. నూటికి 70 నుంచి 85 మందిలో వెనక గాడిలో దిగే కొమ్మ కుడి ధమని నుంచే వస్తుంది. మా అన్నయ్య రిపోర్టులో ‘ఆర్‌సీఏ డామినెంట్’ అన్నదీ ఆ సంగతే. పంది గుండెలో ధమనులు ఈ విషయంలో మనిషికి దగ్గరగా ఉంటాయి, కొత్త స్టెంట్లను ముందుగా పందుల్లో పరీక్షించడానికి అదొక కారణం. మనుషుల్లో కుడి ధమనికి మరో బాధ్యత ఉంది. గుండె లయను మొదలుపెట్టే ఎస్‌ఏ కణుపుకు సుమారు 60 శాతం మందిలో, ఆ లయను జఠరికలకు అందించే ఏవీ కణుపుకు ఇంకా ఎక్కువ మందిలో రక్తం ఇచ్చేది అదే. కుడి ధమని మూసుకుపోయిన రోగుల్లో కొందరికి గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవడం ఇందువల్లే.

వెనక వైపు చూస్తుండగా కుడి కర్ణిక తెగిన అంచు నుంచి ఎర్రనీళ్లు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. మేం తోసిన సిరా ధమనుల్లోంచి కేశనాళికల్లోకి, అక్కడి నుంచి సిరల్లోకి, సిరల్లో ఎక్కువ భాగం కలిసే కరోనరీ సైనస్‌లోకి, దాని నుంచి కుడి కర్ణికలోకి వచ్చింది. ఒంటి చెడు రక్తంతో గుండె తన చెడు రక్తాన్ని కూడా అక్కడే కలుపుతుంది. నీటి మట్టం ఎందుకు తగ్గిందో అడిగిన అబ్బాయికి అప్పుడు జవాబు దొరికింది, నేను ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేకపోయింది. మేకలో ఈ సైనస్ మనం అనుకున్నదానికంటే పెద్దది. ఛాతీ గోడ నుంచి వచ్చే ఒక పెద్ద సిర ఎడమ వైపు నుంచి వచ్చి ఇందులోనే కలుస్తుంది, మనిషిలో అది సాధారణంగా ఉండదు. పుస్తకంలోని మనిషి బొమ్మ పక్కన పెట్టుకుని మేక గుండెను కోసేవారు ఈ సిర దగ్గర తికమకపడటం సహజం.

ఆ తర్వాత గదులు తెరిచాం. కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య ఉండే త్రిపత్ర కవాటం అంచుల నుంచి తెల్లని తీగలు కిందకు దిగి, గోడ నుంచి లేచిన కండ మొనలకు అతుక్కుని ఉన్నాయి. వేలితో లాగితే తెగవు. కుడి జఠరికలో మధ్య గోడ నుంచి ఎదుటి గోడకు అడ్డంగా సాగే కండపట్టీ మేకలో చక్కగా కనబడుతుంది, విద్యుత్ సంకేతం తీసుకెళ్లే తంతువుల్లో ఒక పాయ దాని గుండా పోతుంది. గోడల మందం స్కేలుతో కొలిచారు. కుడిది మూడు నాలుగు మిల్లీమీటర్లు, ఎడమది సెంటీమీటరు పైనే. రెండు జఠరికల మధ్య గోడను వేళ్ల మధ్య పట్టుకుని ఎక్కడైనా రంధ్రం ఉందేమో వెతకమన్నాను. ఎవరికీ దొరకలేదు.

అలా వెతికించడానికి కారణం ఉంది. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ ఆ గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయని, వాటి గుండా రక్తం కుడి నుంచి ఎడమకు పోతుందని చెప్పాడు. వెయ్యేళ్లకు పైగా అందరూ నమ్మారు. 13వ శతాబ్దంలో డమాస్కస్‌లో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్, తనకు ముందటి ప్రసిద్ధ వైద్యుడు అవిసెన్నా గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ ఆ గోడలో రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగి ఎడమకు చేరుతుందని తేల్చి చెప్పాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగించింది అదొక్కటే కాదు. గుండె తన లోపలి గదిలో ఉన్న రక్తంతో పోషణ పొందుతుందని అవిసెన్నా అంటే, కాదు, గుండె కండలో వ్యాపించి ఉన్న నాళాల ద్వారానే దానికి పోషణ అందుతుందని నఫీస్ రాశాడు. మా అన్నయ్య అడిగిన ప్రశ్నకు సుమారు 780 ఏళ్ల కిందటే జవాబు చెప్పిన మనిషి. యూరప్‌లో విలియం హార్వే రక్తప్రసరణ గ్రంథం వచ్చింది 1628లో. పాఠంలో హార్వే పేరు చెప్పినప్పుడల్లా నేను ఇకపై నఫీస్ పేరు కూడా చెబుతాను.

నఫీస్ ఎందుకు సరైనవాడో చూపించడానికి కప్ప ప్రస్తావన తెచ్చాను. మేం డిగ్రీలో కప్పను కోసిన రోజుల్లో దాని జఠరిక గోడ లోపలంతా సందులమయంగా ఉండటం చూశాను. గదిలోని రక్తం ఆ సందుల్లోకి చేరి కండను నేరుగా తడుపుతుంది, కాబట్టి దాని జఠరికకు మనకున్నంత కరోనరీ వ్యవస్థ అవసరం లేదు. తల్లి గర్భంలో తొలి వారాల్లో మన గుండె కూడా అలాగే సందులతో ఉంటుంది. గోడ మందమయ్యేకొద్దీ లోపలి రక్తం దాని గర్భంలోకి చేరలేదు. ఎదిగిన గుండెలో గదిలోని రక్తం నుంచి నేరుగా ఆక్సిజన్ అందేది లోపలి అంచున మిల్లీమీటరులో పదో వంతు మందానికే. మా పిల్లలు స్కేలుతో కొలిచిన ఎడమ గోడ పది మిల్లీమీటర్ల పైమాట. ఆ మిగిలిన కండ మొత్తానికి, దాదాపు ఒక్కో తంతువుకు ఒక కేశనాళిక చొప్పున రక్తం బయటి నుంచే రావాలి.

చివరి పని జఠరికలను అడ్డంగా చక్రాల్లా కోయడం. అప్పటికి ఎండ ఎక్కింది, కండ గట్టిపడి సిరంజీ ఇక లోపలికి తోయనివ్వడం లేదు. కోసిన ముఖాన్ని నీళ్లతో కడిగి చూస్తే గోడలో ఎర్రచుక్కలు కనబడ్డాయి. సిరా చేరిన చిన్న నాళాలవి. బయటి అంచు దగ్గర ఒత్తుగా, మధ్యలో పల్చగా ఉన్నాయి. లోపలి మూడో వంతులో వెతికితే తప్ప దొరకలేదు. మా ప్రయోగంలో ఒత్తిడి చాలక అలా జరిగింది, బతికి ఉన్న గుండెలో ఆ లోపలి పొరకూ రక్తం పూర్తిగా అందుతుంది. కానీ ఎక్కడ లోటు వచ్చినా మొదట నష్టపోయేది ఆ పొరే, ఎందుకంటే ధమనులు బయటి నుంచి లోపలికి దిగుతాయి, కండ ముడుచుకున్నప్పుడు అన్నింటికంటే గట్టిగా నొక్కుకుపోయేది లోపలి భాగం. దీన్ని మా పిల్లలకు వివరించనక్కర్లేదు. మా ప్రాంతం సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు. పైన నీళ్లు తగ్గితే తూములకు దగ్గరి పొలాలు పండుతాయి, చివరి పొలాలు ముందు ఎండుతాయి. “లోపలి పొర మన శివారు భూమి టీచర్” అని ఒక రైతు బిడ్డ అన్నాడు. నేను బోర్డు మీద రాయాల్సిన వాక్యం అతనే చెప్పాడు.

అన్నయ్యకు ట్రెడ్‌మిల్ మీద నడిపించినప్పుడు ఈసీజీలో గీత ఒక చోట కిందికి దిగింది. లోపలి పొరకు రక్తం చాలనప్పుడు సాధారణంగా కనబడే గుర్తు అది. ధమని పూర్తిగా మూసుకుపోయి గోడ మందమంతా దెబ్బతినేటప్పుడు గీత పైకి లేస్తుంది, దాన్నే గుండెపోటుగా గుర్తించి అత్యవసరంగా చికిత్స చేస్తారు. పిల్లలకు రెండు గీతలూ బోర్డు మీద గీసి చూపించాను. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అని పడుకోబెట్టకుండా 108కు ఫోన్ చేయమని ఇంట్లో చెప్పమన్నాను. రక్తం ఆగిన కండ మొదట చనిపోవడం మొదలయ్యేది ఆ లోపలి పొరలోనే, గంటలు గడిచేకొద్దీ అది బయటికి పాకుతుంది. తొందరపడితే మిగతా మందాన్నైనా కాపాడవచ్చు.

ఇదే ప్రయోగం చేసే తోటి ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు. రెండు గుండెలు ఉంటే మంచిది, ఒకటి నాళాలకు, ఒకటి గదులకు. ఒక్కటే ఉంటే నాళాల పని ముందు పూర్తి చేసి, గదులు తర్వాత తెరవాలి. సిరా పలుచన చేయకపోతే కేశనాళికలు దాటదు. గాలిబుడగ లేకుండా సిరంజీ నింపాలి. బల్లను, పరికరాలను బ్లీచింగ్ నీళ్లతో కడిగించి, పిల్లలందరి చేతా సబ్బుతో చేతులు కడిగించాలి. మిగిలిన భాగాల్ని మేం బడి వెనక గొయ్యి తీసి పూడ్చాం. ఎర్రచుక్కలు బాగా కనబడుతున్న రెండు చక్రాలను మాత్రం ఫార్మలిన్ సీసాలో వేసి ప్రయోగశాలలో పెట్టాం. సీసా మీద అంటించే కాగితం మీద ఏ అంచు బయటిదో, ఏది లోపలిదో బాణం గుర్తుతో రాశారు పిల్లలు.